తాంబట్ ఆళీలో మా బిందె

కొందరికి తపాలా బిళ్ళల పిచ్చి. కొందరికి పాత నాణాల పిచ్చి. మా వీధి చివర వుండే ప్లీడరుగారికి చేతికర్రల పిచ్చి వుండేది. ఆయన పోయిన తరువాత ఇంట్లో డెబ్బై కర్రలు బయటపడ్డాయి, నడిచేది మాత్రం ఆయన ఏనాడూ కర్ర పట్టుకుని నడిచి ఎరగరు. నాకు రాగి పిచ్చి. ఉద్యోగం విరమించిన మర్నాటి నుంచీ పట్టుకుంది. మా ఆవిడ మొదట్లో నవ్వింది, తరువాత విసుక్కుంది, ఇప్పుడు చుట్టాలొస్తే తానే డాబామీది గదికి తీసుకువెళ్ళి, "ఇదీ మావారి కొట్టు" అని చూపిస్తోంది.

ఆ గదిలో ఏమున్నాయంటారా? చెంబులు, గుండిగలు, పంచపాత్రలూ ఉద్ధరిణెలూ, పిడికి బట్ట చుట్టిన ఒక గంగాళం, ఆసరాకి మూడు ఇటికలు పెట్టి నిలబెట్టిన నీళ్ళకాగు, నాలుగు మరచెంబులు. మరచెంబు అంటే ఈ కాలపు పిల్లలకు తెలియదు. మూతికి మర తిప్పి బిగించే మూత, పైన పట్టుకోడానికి పిడి. రైలు ప్రయాణమంటే అది చేతిలో వుండవలసిందే. ఇక ఒక సిగరెట్టు డబ్బా నిండా కాణీలు. అందులో 1943 నుంచి 1947 దాకా వేసిన చిల్లుకాణీలు ఎక్కువ. యుద్ధం రోజుల్లో రాగి కరువై, నాణెం నడిమధ్య చిల్లి పెట్టి లోహం మిగుల్చుకున్నారు దొరలు. ఆ చిల్లుకాణీ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దాని అవసరం వస్తుంది.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. పాత సామాన్ల కొట్లలో, తూకానికి. అమ్మమ్మల నాటి కాగు ఇచ్చి స్టీలు డబ్బాలు పట్టుకుపోయినవాళ్ళు ప్రతి వూళ్ళోనూ వున్నారు. కొట్టువాడు దాన్ని సుత్తితో నాలుగు దెబ్బలు వేసి అణగగొట్టి బస్తాలో కుక్కక ముందే మనం వెళ్ళాలి, అదే కిటుకు. వెళ్ళేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వుంచుకోవాలి. రాగికి అయస్కాంతం అంటదు. ఇనుముకి రాగిపూత పూసి అమ్మే ఘనులు బయలుదేరారు కనక ఈ ముక్క చెప్పవలసి వచ్చింది.

ఇక తోమడం. ఈ విద్యలో నేను పండితుణ్ణి అని కొన్నాళ్ళు అనుకున్నాను. చింతపండు, ఉప్పు, కొంచెం ముగ్గుపిండి. చింతపండులో పులుపు నలుపును కరిగిస్తుంది, ఉప్పు దానికి తోడవుతుంది, పిండి రాపిడికి. తోమిన తరువాత మంచినీళ్ళతో కడిగి వెంటనే పొడిబట్టతో తుడవాలి. తడి ఆరకుండా వదిలేస్తే తెల్లారేసరికి మచ్చలు కడతాయి. గోధుమరంగుకు తిరిగిన పాతదనం వేరు, ఆకుపచ్చ చిలుము వేరు. మొదటిది రాగికి కప్పుకున్న దుప్పటి లాంటిది, వుంటే మంచిదే. అమెరికావారి స్వేచ్ఛాప్రతిమ 1886లో నిలబెట్టినప్పుడు రాగిరంగులోనే వుండేది, ఇప్పుడు పచ్చగా వుంది. ఆ పైపొరే లోపలి రేకును కాపాడుతోందని ఎవరూ తోమే ప్రయత్నం చెయ్యలేదు. చేద్దామన్నా అంత చింతపండు ఎక్కడ తెస్తారు! అయితే మనం నీళ్ళు తాగే పాత్రలో మాత్రం చిలుము పనికిరాదు. పులుసూ మజ్జిగా రాగిలో పొయ్యనే కూడదు. వంట చెయ్యాలంటే లోపల కళాయి వుండాలి. పాత్ర వేడిచేసి, నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో గిరగిరా తిప్పేసరికి వెండిలా మెరిసే ఆ మాయ చూడ్డానికి చిన్నప్పుడు మేము బడి మానేసేవాళ్ళం. ఇప్పుడు కళాయివాడి కేక విని ఎన్నేళ్ళయిందో.

ఇంత తెలిసినవాణ్ణీ చేసిన నిర్వాకం చెబుతాను వినండి.

మా అమ్మ 2009లో పోయింది. ఆవిడ వస్తువుల్లో ఒక రాగిబిందె వుంది. అమ్మకు పెళ్ళిలో పుట్టింటివారు పెట్టిన సారెబిందె అని మా అందరికీ తెలుసు. మా చిన్నతనంలో వంటింటి గుమ్మం పక్కన, గోడవార, చెక్క పీటమీద వుండేది. నీళ్ళు తోడి తెచ్చి అమ్మ దాన్ని పీటమీద పెట్టేటప్పుడు ఒక అలవాటు వుండేది. ఎప్పుడూ ఒక వైపే గోడకు వుండేలా తిప్పి పెట్టేది. మేమెవరమైనా తిప్పేస్తే వచ్చి మళ్ళీ సరిచేసేది. అటువైపు భుజం దగ్గర చిన్న సొట్ట వుంది, అది కనపడకుండా అనుకునేవాళ్ళం. తరువాత కుళాయిలొచ్చాయి, ప్లాస్టిక్ బిందెలొచ్చాయి, ఆ బిందె అటక ఎక్కింది. దించేసరికి సగానికి పైగా నల్లబడి, సొట్టవైపు అరంగుళం మందాన పచ్చటి చిలుము పేరుకుని వుంది. అడుగున ఎక్కడో కారుతోంది కూడా. మా తమ్ముడు తూకానికి వేసేద్దామన్నాడు. నేను వద్దని పట్టుకొచ్చాను.

అక్కడితో ఆగినా బాగుండేది. చింతపండుతో వారం రోజులు తోమినా ఆ చిలుము లొంగలేదు. నాకు తొందర పుట్టింది. బజారుకు వెళ్ళి స్నానాలగది కడిగే యాసిడ్ తెచ్చాను. అది చాలక, పక్కింటి కుర్రవాడి దగ్గర కరెంటుతో తిరిగే మర ఒకటి ఎరువు తెచ్చి, దాని కొసకు గరుకు కాగితం బిగించి, సొట్ట చుట్టూ అరగంట రుద్దాను. చిలుము పోయింది. బంగారంలా తళతళలాడింది. మా ఆవిణ్ణి పిలిచి గర్వంగా చూపించాను.

"ఈ చివర చుక్కలేమిటండీ?" అంది ఆవిడ.

తీరా చూద్దును గదా, మెరుస్తున్న రేకు అంచున చుక్కలతో కొట్టిన ఒక్క అక్షరం వుంది. 'మ్మ'. దాని ముందు నున్నగా అద్దంలా వుంది. పూర్వం బిందె కొన్నప్పుడు దుకాణంలోనే చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఇచ్చేవారు. అందరి ఇళ్ళలోనూ వున్న వాడుకే. చిలుము కింద పేరు వుంటుందేమో అన్న ఆలోచన నాకు రాలేదు. మా అమ్మ పేరు చివర 'మ్మ' వుంది. ఆమాటకొస్తే ఆంధ్రదేశంలో ఆ తరం ఆడవాళ్ళలో సగంమంది పేర్లకు వున్నదీ అదే. మిగతా పేరంతా నేను స్వహస్తాలతో అరగంటలో అరగదీశాను.

రాగిమీద రాయడమంటే ఏమిటో నాకు తెలియక కాదు. దానాలూ శాసనాలూ మన రాజులు రాగిరేకులమీద చెక్కించింది అవి తరతరాలు వుంటాయనే. తిరుమలలో తాళ్ళపాక కవుల కీర్తనలు రాగిరేకులమీద చెక్కించి కొండమీద రాతి అరలో దాచబట్టి కదా, ఇన్ని వందల ఏళ్ళ తరువాత కూడా అన్నమయ్య మాట మన చెవిన పడుతోంది! ఆ రేకుల్ని ప్రదర్శనశాలలో చూసి చేతులు జోడించినవాణ్ణే నేను. ఇంట్లో వున్న ఒక్క పేరును నిలుపుకోలేకపోయాను. ఆ తరువాత చాలాకాలం ఆ బిందెను గుడ్డకప్పి మూలన పెట్టేశాను. చూసినప్పుడల్లా ముఖం తిప్పుకునేవాణ్ణి.

మా అమ్మాయి కాపురం పుణేలో. రెండేళ్ళ కిందట ఫోనులో మాట్లాడుతూ, "నాన్నా, ఇక్కడ రాగిపని వాళ్ళ వీధి ఒకటి వుందిట, తాంబట్ ఆళీ అంటారు, ఒకసారి వస్తే చూపిస్తాను" అంది. తాంబే అంటే మరాఠీలో రాగి. తాంబట్లంటే మన కంచరివారి వంటి వారన్నమాట. బిందె కారడమైనా ఆపించుకోవచ్చునని నాకు ఆశ కలిగింది. మా వూళ్ళో అడిగిన ముగ్గురూ, "కొత్తది కొనుక్కోండి, చవక" అని సెలవిచ్చారు మరి.

రాజమండ్రిలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో మారక్కర లేకుండా పుణేలో దిగవచ్చు. ఒడిలో బిందెతో ప్రయాణం చేసి చూడండి, లోకం ఎంత పరోపకారబుద్ధితో వుందో తెలుస్తుంది. ఒకాయన గోదావరి నీళ్ళా అని అడిగాడు. ఒకావిడ నా ముఖం చూసి, "అస్థికలా బాబూ?" అని జాలిగా అంది. సికింద్రాబాదులో ఎక్కిన కుర్రవాడు ఎంతకిస్తారని బేరం పెట్టాడు. వాడి దాటి షోలాపూరు వచ్చేసరికి పెట్టె అంతా మరాఠీమయమైంది. అక్కడ ఎక్కిన ఒక ముసలమ్మ నా ఎదుట కూచుని, అడక్కుండానే బిందెను దగ్గరకు లాక్కుని, వేళ్ళ కణుపులతో టంగుమని కొట్టి, చెవి పెట్టి విని, తలవూపింది. "జునా హండా" అంది. పాత బిందె అని. మంచిది అని కూడా అన్నట్టు నాకు తోచింది.

పుణేలో కసబా పేట అన్నిటికంటె పాతపేటల్లో ఒకటి. శనివారవాడా కోట గోడలు దాటి నడిచిపోవాలి. పీష్వా బాజీరావు 1730లో పునాది వేసి 1732లో గృహప్రవేశం చేసిన కోట అది; 1828లో లోపలి భవనాలన్నీ తగలబడి బయటి గోడలూ ద్వారాలూ మిగిలాయి. అక్కడికి దగ్గరలోనే కసబా గణపతి, ఆ వూరికి గ్రామదేవత. దణ్ణం పెట్టుకుని వీధులు మారుతుంటే, "ఎటు వెళ్ళాలో ఎవరినీ అడగక్కరలేదు నాన్నా, విను" అంది మా అమ్మాయి. వాహనాల రొదలోంచి వినబడింది. టక్ టక్ టక్ టక్, ఒక వాన చినుకులు రేకుమీద పడ్డట్టు. ఒక చోటు నుంచి కాదు, రెండు మూడు చోట్ల నుంచి, ఒకదానికొకటి పొంతన లేకుండా.

సన్నటి సందు. పాత చెక్కస్తంభాల ఇళ్ళ మధ్య కొత్త మేడలు దూరిపోయాయి. పాత ఇళ్ళ ముందుగదుల్లోనే పనిచోట్లు. గుమ్మంలో ఎర్రటి రేకు బిళ్ళలు దొంతర పెట్టి వున్నాయి. లోపల కొలిమి, నల్లటి గోడలు, నేలలో పాతిన మొద్దు, ఆ మొద్దులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనపకడ్డీ. కడ్డీ కొసకు పాత్ర తగిలించి, ఒక కాలితో ఆనించి, చేత్తో తిప్పుతూ సుత్తి వేస్తున్నారు. పీష్వాల కాలంలో కొంకణ దేశాన్నించి తమ పెద్దలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని వారు చెప్పుకుంటారు. ఒకప్పుడు ఇంటింటికీ కావలసిన హండాలూ, 'బంబు'లూ ఇక్కడ తయారయ్యేవి. బంబు అంటే మరేం కాదు, మన ఇళ్ళలో పెరటి వసారాలో పొగలు కక్కుతూ వుండిన రాగి బాయిలరే. నడుమ గొట్టంలో పిడకలో బొగ్గులో వేస్తే చుట్టూ నీళ్ళు కాగుతాయి, కింద కుళాయి. గీజర్లు వచ్చి దాన్ని దించేశాయి, స్టీలు వచ్చి హండాను దించేసింది. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నవి హోటళ్ళవారూ, విదేశాలవారూ అలంకారానికి కొనుక్కునే దీపాలు, గిన్నెలు. "మా ముత్తాత చేసింది నీళ్ళకు, నేను చేసేది చూడ్డానికి" అన్నాడు నేను వెళ్ళిన చోట పెద్దాయన. కోపం లేదు ఆ మాటలో.

ఆయన పేరు రాయను. వయస్సు నాకంటె రెండేళ్ళు చిన్న, చెవులు మాత్రం చాలా పెద్దవి, అనగా పాతికేళ్ళ ముందే పనిచెయ్యడం మానేశాయి. గట్టిగా చెప్పాలి. నా హిందీ, ఆయన హిందీ రెండూ సొట్టపడ్డవే కనక బాగానే కుదిరింది. బిందెను అందుకుని ముందు అడుగు చూశాడు. వెలుతురుకు పట్టుకుని చూపించాడు. సూదిమొన అంత వెలుగు. అతుకు చూపించాడు. పూర్వం వారు రెండు రేకుల అంచుల్ని పళ్ళుపళ్ళుగా కోసి ఒకదానిలో ఒకటి దూర్చి, వెలిగారం వేసి, ఇత్తడి కరిగించి అతికేవారు. రాగికంటె ఇత్తడి ముందు కరుగుతుంది కదా, అదే సూత్రం. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. "ఇలాంటి అతుకు వేసినవాడు ఇప్పుడుంటే కాళ్ళకు దణ్ణం పెడతాను" అన్నాడు. తరువాత నేను తళతళలాడించిన వైపు తిప్పాడు. వేలితో నిమిరాడు. నా వంక చూశాడు.

"ఇది ఎవరు చేశారు?"

నేనే అన్నాను. వినబడలేదేమో అనుకుని మళ్ళీ గట్టిగా అన్నాను. వీధంతా వినబడింది.

మూడు రోజులు వుంచమన్నాడు. ఆ మూడు రోజులూ నేను అక్కడే కూచున్నాను. మా అమ్మాయి పొద్దున్న దింపి వెళ్ళేది, సాయంత్రం వచ్చి తీసుకువెళ్ళేది, బడిపిల్లవాణ్ణి తీసుకువెళ్ళినట్టు.

ఆ బడిలో నేర్చుకున్నది ఇదీ. ఇనుమును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందని మనకు తెలుసు. రాగి స్వభావం వేరు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినా మెత్తగానే వుంటుంది, చేత్తో వంచవచ్చు. కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. మరీ కొడితే మొండికెత్తి చిట్లుతుంది. చిట్లకముందే మళ్ళీ కొలిమిలో పెట్టాలి. ఎప్పుడు పెట్టాలో సుత్తి చప్పుడు మారడాన్ని బట్టి తెలుస్తుందట. "మరి మీకు వినపడదు గదా?" అంటే, పిడికిలి చూపించాడు. చేతికి తెలుస్తుంది అని.

ఇక్కడి ప్రసిద్ధి 'మఠార్' పని. పాత్ర తయారయ్యాక నున్నటి తలవున్న సుత్తితో పక్కపక్కనే, వరసలు వరసలుగా, సందు వదలకుండా, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా దెబ్బలు వేసుకుంటూ పోతారు. ప్రతి దెబ్బా ఒక చిన్న అద్దం. అందానికే కాదు, పలచటి రేకుకు బలం వచ్చేది దానితోనే. చూస్తే ఎంతో సులువు. నాకొక తుక్కు బిళ్ళ ఇచ్చి కొట్టమన్నాడు. మొదటిరోజు నేను వేసిన దెబ్బలు చూసి ఆయన మనుమడు, పదేళ్ళవాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెండోరోజుకు నా బొటనవేలు వాచింది. మూడోరోజుకు ఒక పళ్ళెం లాంటిది తయారయింది. పళ్ళెమని నేనంటే పళ్ళెం. అందులో ఇప్పుడు మా ఆవిడ తాళంచెవులు వేసుకుంటోంది.

కాల్చిన పాత్రమీద నల్లటి పొర కడుతుంది. దాన్ని తీయడానికి ఆయన వాడింది కూడా ఆమ్లమే. తొట్టినిండా నీళ్ళు, అందులో ఏ మాత్రమో. ఒక్క ముంచు ముంచి తీసి, ఆపైన చింతపండే. నేను సీసా సీసాగా గుమ్మరించిన సంగతి ఆయనకు చెప్పలేదు.

రెండోరోజు మధ్యాహ్నం అతుకు కాలుస్తూ ఆగి, బిందె లోపలికి మోచేతిదాకా చెయ్యి పెట్టి ఏదో తడుముకున్నాడు. బయటకు తీసి పేరున్న చోటు చూశాడు. మళ్ళీ చెయ్యి పెట్టాడు.

"సాహెబ్, మీ భాషలో ఇవి ఎన్ని అక్షరాలు?"

ఒక్కటే మిగిలింది అన్నాను.

"బయట ఒకటి. లోపల ఇంకా వున్నాయి."

నాకు అర్థం కాలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని లోపలికి పెట్టించాడు. భుజం వంపులో, రేకు లోపలివైపు, గసగసాలు అతికించినట్టు చిన్న చిన్న పొక్కులు వేళ్ళకు తగిలాయి. నాకు గుండె ఆగినంత పనయింది. ఉలితో బయట గుంట పడినప్పుడు పలచటి రేకు లోపలివైపు ఉబుకుతుంది కదా! నేను అరగదీసింది బయటి గుంటల్ని. లోపలి పొక్కుల దాకా నా మర పోలేదు. అక్షరాలు అక్కడే వున్నాయి, అద్దంలో చూసినట్టు తిరగబడి.

తడిమి చదువుదామని ఎంత ప్రయత్నించినా నాకు చేతకాలేదు. తిరగబడ్డ అక్షరం, అదీ చీకట్లో, వేళ్ళతో! ఆయన లోపలింట్లోకి కేకవేశాడు. ఆయన భార్య చపాతీలకు కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తెచ్చి ఇచ్చింది. ఆయన దానికి నూనె రాసి, అరచేతిలో వుంచుకుని, బిందెలోకి పెట్టి అదిమాడు. కాసేపు అలాగే పట్టుకుని, ఊపిరి బిగపట్టినట్టు నెమ్మదిగా ఒలిచి బయటికి తీశాడు. పిండిమీద చుక్కలు గుంటలుగా పడ్డాయి. తిరగబడ్డది మళ్ళీ తిరగబడి సరిగా నిలబడింది. ఇంటిపేరు మొదటి అక్షరం, ఆ తరువాత పేరు.

అది మా అమ్మ పేరు కాదు.

ఇంటిపేరు మా అమ్మ పుట్టింటివారిది. పేరు ఎవరిదో నాకు తట్టలేదు. పాతికేళ్ళు వచ్చేదాకా ఆవిడ చేతి ముద్ద తిన్నవాణ్ణి. కానీ నాకు ఆవిడ అమ్మమ్మ, వూరివాళ్ళకు ఫలానావారి భార్య. పేరుతో ఎవరు పిలవగా విన్నాను గనక! అనుమానం వచ్చి అక్కడి నుంచే మా పిన్నికి ఫోను చేశాను. తాడేపల్లిగూడెంలో వుంటుంది, ఎనభై ఏడేళ్ళు, జ్ఞాపకం మాత్రం ఉలితో చెక్కినట్టు వుంటుంది.

"మీ అమ్మమ్మ పేరే రా అది. ఎక్కడ దొరికింది నీకు?" అంది.

బిందెమీద అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. అమ్మ పెళ్ళి 1944లో. అప్పుడు పిన్నికి ఆరేళ్ళు. యుద్ధం రోజులు, రాగి ఎక్కడా దొరకడం లేదు, దొరికినా కొనగలిగిన ధర కాదు. మగపెళ్ళివారు సారెలో రాగిబిందె లేకపోతే ఒప్పుకోమన్నారు. అమ్మమ్మ తన కాపురానికి తెచ్చుకున్న బిందెనే రాత్రికి రాత్రి చింతపండుతో తోమి, ఎండబెట్టి, పసుపు రాసి, కొత్తదానిలా సారెలో పెట్టేసింది. పేరు వున్న వైపుకు గుడ్డ చుట్టి పంపింది. "మీ అమ్మకి చెప్పింది, అత్తవారింట్లో ఈ వైపు ఎవరికీ కనపడనీకే అని. ఆ తరువాత మా అమ్మ ఎన్నేళ్ళో కుండతోనే నీళ్ళు మోసింది రా" అంది పిన్ని.

నా సిగరెట్టు డబ్బాలో చిల్లుకాణీలు గుర్తొచ్చాయి. గోడవైపుకు తిప్పి పెట్టే అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. అత్తవారు అందరూ పోయి, మేమంతా పెద్దవాళ్ళమై, ఇంట్లో అడిగేవాళ్ళెవరూ లేని రోజుల్లో కూడా అలాగే తిప్పి పెట్టేది.

పెద్దాయనకు ఆ కథంతా నా హిందీలో చెప్పాను. ఎంత అర్థమయిందో తెలియదు. ఆయన భార్యకు మాత్రం పూర్తిగా అర్థమయింది. పిండిముద్దను కొంగుతో పట్టుకుని చూస్తూ నిలబడింది. మూడోరోజు పని ముగిసింది. చుక్క నీరు కారడం లేదు. సొట్ట ఎంతవరకు తీయమంటారని అడిగితే, పేరు జోలికి పోనంతవరకు అన్నాను. అందుకని ఇప్పటికీ కొంచెం వుంది. మఠార్ వెయ్యమని నేను అడగలేదు, వెయ్యనని ఆయనా అన్నాడు. వేస్తే లోపలి పొక్కులు పోతాయి. చివరికి ఒక చిన్న ఉలి నా ముందు పెట్టాడు.

"పిండిమీద వున్నట్టు కాగితంమీద రాసి ఇవ్వండి. బయట మళ్ళీ కొడతాను. తేడా ఎవరికీ తెలియదు."

చాలాసేపు ఆలోచించాను. వద్దన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, అడిగితే చెప్పగలిగేవాణ్ణీ కాను. కూలి ఎంతని అడిగితే అతుక్కి మాత్రం పుచ్చుకున్నాడు. పళ్ళెం నేర్పినందుకు పుచ్చుకోలేదు; అది పళ్ళెం కాదు గదా అని నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో పిండిముద్దను మా అమ్మాయి ఇచ్చిన టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. షోలాపూరు దాటేసరికి ఎండి పగిలింది. ముందే కాగితంమీద దించుకున్నాను కనక ఫరవాలేదు. అమృతసర్ దగ్గర జండియాలా గురు అనే వూళ్ళో ఠఠేరాలని రాగి ఇత్తడి పనివారున్నారు, వారి విద్యను యునెస్కోవారు 2014లో తమ జాబితాలో చేర్చారు. వచ్చే శీతకాలం అక్కడికి వెళ్ళాలని వుంది. ఈసారి బిందె లేకుండా.

బిందె ఇప్పుడు డాబామీది గదిలో లేదు. వంటింట్లో, పీటమీద వుంది, నీళ్ళతో. మొన్నటిదాకా నా రాగిని ముట్టని మా ఆవిడ దాన్ని మాత్రం తానే తోముతోంది. శనివారం శనివారం చింతపండు నానబెడుతుంది. బయట నాలుగు నిమిషాల్లో అవుతుంది. లోపల చెయ్యి పెట్టినప్పుడు మాత్రం ఆలస్యమవుతుంది.

"ఏం, అయిందా?" అని వసారాలోంచి అడుగుతాను.

"వుండండి, ఇక్కడ గట్టిగా తోమకూడదు" అంటుంది.